తుపాను తప్పుకోదు... ఓడే తప్పుకోవాలి!

వారం రోజుల విహార నౌక యాత్ర. నాలుగు రేవులు చూపిస్తామని టికెట్‌తో పాటు ఇచ్చిన కాగితంలో ఉంటుంది. తీరా ఎక్కాక 'దారిలో తుపాను ఉంది, రెండు రేవుల్లో ఆగడం లేదు' అని మైకులో చెబుతారు. కొందరు ఉసూరుమంటారు. కొందరు డబ్బు వాపసు ఇమ్మంటారు. అసలు ఆ నిర్ణయం ఎలా తీసుకుంటారు? నష్టం ఎవరు భరిస్తారు? బయల్దేరే ముందు ఏమేం చూసుకోవాలి?

'బంగాళాఖాతంలో అల్పపీడనం... వాయుగుండంగా మారే అవకాశం.' అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ వార్త వినిపిస్తే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో జనం ఆకాశం వైపు చూస్తారు. సముద్రం అక్కడికి 250 కిలోమీటర్ల పైనే. పడమటి కనుమల చాటున ఉన్న నేల కాబట్టి నైరుతి మేఘాలు అక్కడికి చేరేసరికే బరువు దించుకుని ఉంటాయి. జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందులో చెప్పుకోదగ్గ భాగం బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలూ, వాయుగుండాలూ తెచ్చి పోసేదే. చెరువులోకి నాలుగు నీళ్లు వస్తాయన్న ఆశ, పప్పుశనగ విత్తుకోవచ్చన్న ఆశ ఒకవైపు... పీకి కుప్ప వేసిన వేరుశనగ తడిసి పాడవుతుందన్న భయం మరోవైపు. రైతు చేను ఎత్తుకుని పక్కకు పోలేడు. వచ్చినదాన్ని కాచుకోవాల్సిందే.

అదే కబురు సముద్రం మీదున్న ఓడ కెప్టెన్‌కూ చేరుతుంది. ఆయన మాత్రం పక్కకు పోగలడు. పోవాలి కూడా. క్రూజ్ యాత్రలో తుపాను గురించి తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. తుపాను తన దారి మార్చుకోదు, ఓడే మార్చుకోవాలి.

కరవు సీమకూ క్రూజ్ యాత్రకూ సంబంధం ఏమిటని అనుకోవడానికి ఇప్పుడు వీల్లేదు. హైదరాబాద్ - బెంగళూరు జాతీయ రహదారి వెంట ఉన్న ఈ పల్లెల నుంచి ఇంజినీరింగ్ చదివిన పిల్లలు అమెరికాలో స్థిరపడుతున్నారు. మనవడో మనవరాలో పుట్టాక అమ్మానాన్నలను ఆరు నెలలు ఉండి వెళ్లమని పిలిపించుకుంటున్నారు. ఎండాకాలంలో వెళ్లినవాళ్లు అక్టోబరు, నవంబరులలో తిరిగొస్తారు. 'ఇంత దూరం వచ్చారు, ఓడ కూడా ఎక్కిద్దాం' అని పిల్లలు సరదా పడతారు. అట్లాంటిక్ మహాసముద్రంలో హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. అంటే పెద్దవాళ్లు అమెరికాలో ఉండే రోజులూ, తుపాన్లు తిరిగే రోజులూ దాదాపు ఒకటే!

టికెట్ మీది దారి

రైలు టికెట్‌లో గుంతకల్లు అని ఉంటే గుంతకల్లులో దింపాల్సిందే. క్రూజ్ టికెట్ అలా కాదు. ఏ రోజు ఏ రేవు అన్న పట్టిక కేవలం అనుకున్న కార్యక్రమం మాత్రమే. వాతావరణం, భద్రత వంటి కారణాలతో ఏ రేవునైనా మానేయడానికి, మరో రేవుకు తీసుకెళ్లడానికి, ఆలస్యంగా తిరిగి రావడానికి కంపెనీకి హక్కు ఉంటుందని టికెట్ షరతుల్లోనే రాసుంటుంది. చిన్న అక్షరాల్లో ఉండే ఆ పేరాను చదివి ఎక్కేవాళ్లు తక్కువ.

తుపాను వస్తే మూడు రకాల మార్పులు జరుగుతాయి. ఒకటి, మధ్యలోని రేవు రద్దయి ఆ రోజంతా సముద్రం మీదే గడుస్తుంది. రెండు, దారి మొత్తం మారుతుంది. తూర్పు కరీబియన్ దీవులు చూడాలని ఎక్కినవాళ్లు పడమటి వైపు మెక్సికో తీరం చూసి వస్తారు. మూడు, బయల్దేరిన రేవే మూతపడుతుంది. అప్పుడు ఓడ ఇల్లు చేరలేదు. రేవు తెరిచేదాకా బయటే తిరగాలి, లేదంటే వేరే ఊళ్లో దింపాలి. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది ఈ మూడోదే.

తుపాను రేవు దగ్గర లేకపోయినా ఆపడం మానేస్తారేం అని చాలామందికి అనుమానం. పెద్ద విహార నౌక అంటే నీళ్ల మీద నిలబెట్టిన పది, పదిహేను అంతస్తుల మేడ. దాని గోడంతా గాలికి తెరచాపే. గాలి జోరుగా ఉన్నప్పుడు అంత మేడను ఇరుకు రేవులో గట్టుకు చేర్చడం ప్రమాదం. కొన్ని దీవుల్లో గట్టే ఉండదు. ఓడను దూరంగా ఆపి చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకు చేరుస్తారు. వందల కిలోమీటర్ల అవతల తుపాను ఉన్నా దాని కెరటాలు ముందే వచ్చేస్తాయి. ఊగే పడవలోకి డెబ్భయ్యేళ్ల పెద్దమ్మను దించలేరు కదా! అందుకే పడవలతో దింపే రేవులే ముందుగా రద్దవుతాయి.

ఓడదే పరుగు

కెప్టెన్ లెక్క చూడటానికి సులువుగానే ఉంటుంది. బంగాళాఖాతంలో తుపాను సాధారణంగా గంటకు 15, 20 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. క్రూజ్ ఓడ గంటకు 35 కిలోమీటర్లు సునాయాసంగా పోగలదు. ఒక రోజులో తుపాను 400 కిలోమీటర్లు నడిస్తే ఓడ 800 కిలోమీటర్లు పోతుంది. ముందుగా తెలిస్తే చాలు, తప్పుకోవచ్చు.

చిక్కల్లా తుపాను ఎటు పోతుందో కచ్చితంగా తెలియకపోవడమే. అందుకే అమెరికా హరికేన్ కేంద్రం నావికులకు ఒక లెక్క నేర్పుతుంది. దాన్ని 'ఒకటి-రెండు-మూడు' సూత్రం అంటారు. తుపాను రేపు ఫలానా చోట ఉంటుందని చెబితే, బలమైన గాలి వీచే మేర చుట్టూ మరో 100 నాటికల్ మైళ్లు వదలాలి. ఎల్లుండి సంగతైతే 200, ఆ మర్నాడైతే 300. నాటికల్ మైలు అంటే 1.85 కిలోమీటర్లు. అంటే మూడో రోజు అంచనాకు 550 కిలోమీటర్ల మేర అదనంగా వదిలెయ్యాలి. గార్లదిన్నెలో తుపాను ఉంటుందని చెబితే చెన్నై కూడా ఆ వలయంలోనే పడుతుంది! ఆ వలయంలో ఎన్ని రేవులుంటే అన్నీ పట్టికలోంచి పోతాయి. చివరికి తుపాను అటు రాకపోవచ్చు. ఎండ కాస్తున్న రేవును వదిలి వచ్చామని ప్రయాణికులు గొణుక్కోవచ్చు. కానీ కెప్టెన్ నిర్ణయం మూడు రోజుల ముందు తీసుకోవాలి. ఆనాటికి తెలిసింది అంతే.

ఏ పక్క నుంచి తప్పుకోవాలన్నది మరో లెక్క. ఉత్తరార్ధ గోళంలో తుపాను గాలులు గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతాయి, కళ్లంలో గుంజ చుట్టూ ఎద్దులు తిరిగినట్టు. తుపాను వెళ్లే దిక్కుకు కుడి పక్కన ఆ గాలి వేగానికి తుపాను నడక వేగం కూడా తోడవుతుంది. పైగా ఆ పక్క గాలి ఓడను తుపాను దారిలోకే నెడుతుంది. నావికులు దాన్ని ప్రమాదకరమైన అర్ధవృత్తం అంటారు. ఎడమ పక్కన గాలి జోరు కొంత తక్కువ. ఓడను వెనక్కు, బయటకు నెడుతుంది. అందుకని కొన్నిసార్లు దగ్గరి దారి వదిలి చుట్టూ తిరిగి పోతారు.

రేవులో నంబర్ల కథ

'విశాఖ, కాకినాడ రేవుల్లో మూడో నంబరు ప్రమాద సూచిక' అన్న వార్త పత్రిక చదివే ప్రతి ఇంటికీ తెలుసు. ఆ నంబర్లు ఊళ్లో జనం కోసం పెట్టినవి కావు, ఓడల కోసం పెట్టినవి. 1, 2 నంబర్లు ఎక్కడో దూరాన వాయుగుండం, తుపాను ఉన్నాయని చెబుతాయి. రెండో నంబరు ఎగిరిందంటే రేవులో ఉన్న ఓడకు భయం లేదు, బయటకు పోతే ఎదురుపడవచ్చు అని అర్థం. 3, 4 నంబర్లు రేవుకే గాలివాన తాకిడి ఉండొచ్చని చెబుతాయి. 5 నుంచి 7 ప్రమాదం, 8 నుంచి 10 పెను ప్రమాదం. ఈ రెండు వరసల్లోనూ తుపాను రేవుకు ఏ పక్క నుంచి తీరం దాటుతుందో, లేక రేవు మీదుగానే పోతుందో చెప్పడానికి వేరువేరు నంబర్లు ఉన్నాయి. 11 అంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

నంబరు పెరిగేకొద్దీ ఓడలను రేవు నుంచి బయటకు పంపేస్తారు. కొత్తవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. తుపాను వస్తుంటే ఒడ్డున కట్టేసుకోవాలి గానీ సముద్రంలోకి పోవడమేమిటి? కానీ గట్టుకు కట్టిన ఓడను గాలి ఆ గట్టుకే వేసి బాదుతుంది. లోతైన నీళ్లలో, ఇంజిను నడుస్తూ, చుట్టూ చోటున్న ఓడకే బతుకు ఎక్కువ. 

విశాఖవాసులు దీన్ని కళ్లారా చూశారు. 2020 అక్టోబరు 13న తీవ్ర వాయుగుండం గాలులకు లంగరు నిలవక 'మా' అనే బంగ్లాదేశ్ సరకు ఓడ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అందులోని 15 మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. మరుసటి ఏడాది అరేబియా సముద్రంలో అంత అదృష్టం లేకపోయింది. 2021 మే 17న తౌక్తే తుపానులో ముంబయి తీరానికి దూరంగా చమురు క్షేత్రాల వద్ద లంగరు వేసి ఉన్న పి-305 అనే బార్జి లంగర్లు తెగి, కొట్టుకుపోయి, మునిగిపోయింది. కార్మికులు బస చేసే ఆ బార్జికి సొంతంగా కదిలే ఇంజిను లేదు. 261 మందిలో 70 మందికి పైగా చనిపోయారు. తుపాను వస్తోందని తెలియక జరిగిన ఘోరం కాదది. కబురు అందినా సకాలంలో పక్కకు తప్పుకోలేక జరిగింది.

చెప్పేవాళ్లు లేని రోజుల్లో

'వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవు' అన్నారు పెద్దలు. ఒకప్పుడు సముద్రం మీద ఆ రెండూ కలిసే వచ్చేవి. గోదావరి ముఖద్వారంలోని కోరంగి ఒకనాడు ఓడలు కట్టే ఊరు, పేరున్న రేవు. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి తుపాను ఉప్పెనలు దాన్ని ముంచెత్తాయి. మళ్లీ ఆ వైభవం రాలేదు. కలకత్తాలో స్థిరపడిన హెన్రీ పిడింగ్టన్ అనే మాజీ నావికుడు ఇలాంటి బంగాళాఖాతం తుపాన్ల వివరాలన్నీ పోగుచేశాడు. 1848లో నావికుల కోసం పుస్తకం రాశాడు. చుట్ట చుట్టుకున్న పాము అన్న అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి 'సైక్లోన్' అనే పేరు పెట్టింది ఆయనే. గాలి తిరిగే తీరును పారదర్శకమైన కొమ్ము రేకు మీద గీయించి, సముద్ర పటం మీద పెట్టి చూసుకోమన్నాడు. తుపాను నుంచి ఓడ తప్పుకోవడం ఒక శాస్త్రంగా మారిందంటే అందులో మన తూర్పు సముద్రానికీ వాటా ఉంది.

శాస్త్రం ఉన్నా, కబురు అందే దారి ఉండాలి. 1864లో కలకత్తాను ఒకటి, మచిలీపట్నాన్ని మరొకటి రెండు పెను తుపాన్లు ఊడ్చేశాయి. మచిలీపట్నం ప్రాంతంలో దాదాపు 30 వేల మంది చనిపోయారని అంచనా. ఆ తర్వాతే రేవులకు ముందస్తు హెచ్చరికలు మొదలయ్యాయి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. అయినా ఒడ్డు వదిలిన ఓడకు కబురు చెప్పే సాధనం లేదు. వైర్‌లెస్ ఇంకా పుట్టలేదు. 1887 మే 25న సర్ జాన్ లారెన్స్ అనే స్టీమరు కలకత్తా నుంచి ఒడిశా తీరంలోని చాందబాలికి బయల్దేరింది. ఎక్కినవాళ్లు సుమారు 750 మంది. ఎక్కువమంది పూరీ జగన్నాథుణ్ని చూడటానికి పోతున్న యాత్రికులు, అందులోనూ ఆడవాళ్లే ఎక్కువ. ఓడ తుపానులో చిక్కింది. మళ్లీ కనిపించలేదు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు విశాఖ, భీమిలి, కాకినాడల నుంచి వేలాది తెలుగు కూలీలు రంగూన్ స్టీమర్లలో డెక్కు మీద కూర్చుని ఇదే బంగాళాఖాతం దాటారు. వాళ్లకు ఓడ ప్రయాణం విహారం కాదు, పొట్టకూటి ప్రయాణం.

ఖాళీ చేసిన ఓడ

కబురు అందినా ఒక్కోసారి చాలదు. 1998 అక్టోబరు. ఫాంటోమ్ అనే తెరచాపల విహార నౌక మధ్య అమెరికాలోని హోండురాస్ నుంచి బయల్దేరింది. అప్పుడే మిచ్ అనే హరికేన్ కరీబియన్ సముద్రంలో బలపడుతోంది. కెప్టెన్ యాత్ర ఆపి, పక్క దేశమైన బెలీజ్‌లో ప్రయాణికులు దాదాపు వంద మందినీ దించేశాడు. సిబ్బందిలో కొందరిని కూడా దించాడు. మిగిలిన 31 మందితో ఓడను కాపాడుకోవడానికి సముద్రంలోకి పోయాడు. తుపాను ఉత్తరానికి తిరుగుతుందన్న అంచనాతో దక్షిణంగా, హోండురాస్ దీవుల చాటుకు చేరాడు. తుపాను అంచనాలను తలకిందులు చేసి దక్షిణానికే దిగింది. అక్టోబరు 27 తర్వాత ఫాంటోమ్ నుంచి మాట లేదు. 31 మందీ పోయారు.

విహారం పాడైందని బెలీజ్‌లో దిగేటప్పుడు ఆ వంద మందిలో ఎందరు చిరాకు పడ్డారో! ఆ దిగడమే వాళ్ల ప్రాణం కాపాడింది. ఆ రోజుల్లో మూడు రోజుల ముందు అంచనా ఎంత తప్పేదో ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఉపగ్రహాలు, కంప్యూటర్లు ఎంతో మెరుగయ్యాయి. అయినా తుపాను చుట్టూ వందల కిలోమీటర్లు వదలాలన్న నియమం ఎందుకుందో కూడా ఇదే చెబుతుంది.

ఇల్లు చేరని ఓడలు

పెద్ద క్రూజ్ ఓడల్లో ఇప్పుడు ప్రాణభయం చాలా తక్కువ. ఇబ్బందులు వేరే రకం. టెక్సాస్‌లోని హ్యూస్టన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఎక్కువ. వాళ్లకు దగ్గరి క్రూజ్ రేవు గాల్వెస్టన్. 2017 ఆగస్టు 25న హార్వీ హరికేన్ టెక్సాస్ తీరం దాటింది. హ్యూస్టన్ వరదలో మునిగింది. గాల్వెస్టన్ రేవు మూసేశారు. ఆ వారాంతంలో అక్కడికి తిరిగి రావాల్సిన ఓడల్లో వేలమంది ఉన్నారు. కార్నివాల్ కంపెనీ ఓడలు లూసియానాలోని న్యూ ఆర్లీన్స్ వెళ్లి సరకులు నింపుకున్నాయి. కావాలన్నవాళ్లను అక్కడే దిగనిచ్చాయి. రాయల్ కరీబియన్ వారి ఓడ మయామి పోయింది. ఓడలో ఉన్నవాళ్లకు తిండికీ పడకకూ లోటు లేదు. కానీ గాల్వెస్టన్‌లో పార్కు చేసిన కారు ఏమైందో, ఇంట్లోకి నీళ్లొచ్చాయో లేదో, సోమవారం ఆఫీసు సంగతేమిటో తెలియక తల్లడిల్లారు.

ఆ ఏడాదే సెప్టెంబరులో ఇర్మా, మరియా హరికేన్లు కరీబియన్ దీవులను ఛిద్రం చేశాయి. సెయింట్ మార్టిన్, సెయింట్ థామస్ వంటి పేరున్న రేవులకు వారాల తరబడి ఓడలు పోలేదు. యాత్రలన్నీ పడమటి వైపు మళ్లాయి. రేవుకు ఓడ రాలేదంటే ప్రయాణికుడికి ఒక పూట సరదా పోయినట్టు. ఆ దీవిలో ట్యాక్సీ నడిపేవాడికీ, పూసలు అమ్ముకునేవాడికీ నెల కూలి పోయినట్టు. మరోవైపు అడ్వెంచర్ ఆఫ్ ద సీస్ అనే విహార నౌక తన యాత్రనే రద్దు చేసుకుంది. ప్యూర్టోరికో, వర్జిన్ దీవుల నుంచి 3,800 మందికి పైగా బాధితులను ఎక్కించుకుని అక్టోబరు మొదట్లో ఫ్లోరిడా చేర్చింది. విహారానికి కట్టిన ఓడ సహాయ శిబిరమైంది.

ఇలాంటి చిక్కు మన సముద్రంలోనూ వచ్చింది. విశాఖ నుంచి అండమాన్‌కు ఓడలో రెండు రోజులకు పైగా పడుతుంది. 2016 డిసెంబరు మొదటి వారంలో, తర్వాత వర్ధా తుపానుగా మారిన వాయుగుండం అండమాన్‌లో కుండపోత కురిపించింది. పడవలు ఆగిపోయాయి. హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. హేవ్‌లాక్‌నే ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు. గాలి తగ్గాక నౌకాదళం, తీర రక్షక దళం ఓడలూ హెలికాప్టర్లూ వెళ్లి అందరినీ పోర్ట్‌బ్లెయిర్‌కు చేర్చాయి. అదే వర్ధా డిసెంబరు 12న చెన్నై దగ్గర తీరం దాటింది. దీవిలో హోటల్ గదికి నాలుగు రోజులు అదనంగా కట్టాల్సి వస్తుందని, చేతిలో నగదు అయిపోతుందని ఎవరు ముందుగా ఊహిస్తారు?

నష్టం ఎవరి ఖాతాలో?

యాత్ర మొత్తం రద్దయితే కంపెనీలు సాధారణంగా డబ్బు వాపసు ఇస్తాయి, లేదంటే మరోసారి రమ్మంటాయి. మధ్యలో ఒక రేవు మానేస్తే మాత్రం ఆ రేవుకు కట్టిన పన్నులు, రుసుములే వెనక్కి వస్తాయి. టికెట్ డబ్బు రాదు. ఒడ్డున చూడాల్సిన వాటికి ఓడ ద్వారానే బుక్ చేసుకుంటే ఆ డబ్బు తిరిగొస్తుంది. బయటి ఏజెంటు దగ్గర సొంతంగా కట్టుకుంటే వచ్చే నమ్మకం లేదు. ఓడ ఆలస్యమై విమానం తప్పిపోతే ఆ ఖర్చు ఎక్కువసార్లు ప్రయాణికుడిదే.

దీనికి బీమా ఉంది. కానీ ఓ మెలిక. తుపానుకు పేరు పెట్టాక కొన్న బీమా ఆ తుపాను నష్టానికి వర్తించదు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వితే లాభం లేనట్టే! టికెట్ కొన్న రోజే బీమా తీసుకోవడం మేలు. దారి మారినందుకు కూడా పరిహారం ఇస్తుందా, యాత్ర పూర్తిగా ఆగితేనే ఇస్తుందా అన్నది పాలసీలో చూసుకోవాలి.

అమెరికాలోని మనవాళ్లకు ఇంకో చిక్కు ఉంది... వీసా! పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు తీరినా, అక్కడ ఉండే అనుమతి ఉన్నవాళ్లు మెక్సికో, కెనడాలకు 30 రోజుల్లోపు వెళ్లి రావడానికి షరతులతో వెసులుబాటు ఉంది. విద్యార్థులకు క్యూబా తప్ప మిగతా కరీబియన్ దీవులకూ అది వర్తిస్తుంది. హెచ్1బి ఉద్యోగులకు దీవుల విషయంలో ఆ సౌకర్యం లేదు. మెక్సికోకే కదా అని ఎక్కితే, తుపాను వల్ల ఓడ బహామాస్ వైపు తిరగవచ్చు. పట్టికలో ఉన్న దేశాలే కాదు, చుట్టుపక్కల దేశాలకు కూడా తన పత్రాలు పనికొస్తాయా అన్నది ఎక్కకముందే నిపుణులను అడిగి తేల్చుకోవాలి. పెద్దవాళ్ల వీసా ఎక్కువసార్లు ప్రవేశానికి అనుమతించేదో కాదో కూడా చూడాలి.

గార్లదిన్నె నుంచి బయల్దేరేవారికి

విహార యాత్రలు ఇప్పుడు విశాఖకూ వచ్చాయి. 2022 జూన్ 8న కార్డీలియా వారి ఎంప్రెస్ నౌక విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైల వైపు సాగింది. విశాఖలో పెద్ద నౌకల కోసమే క్రూజ్ టెర్మినల్ కట్టారు. 2024 ఏప్రిల్‌లో 'ది వరల్డ్' అనే అంతర్జాతీయ నౌక అక్కడ ఆగింది.

అనంతపురం వైపు నుంచి వెళ్లేవారికి తుపాను గండం రెండుచోట్ల ఉంటుంది. ఒకటి ఓడ, రెండోది ఓడ దాకా చేర్చే రైలు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు రైళ్లు పెద్దసంఖ్యలో రద్దయ్యాయి. చెన్నై విమానాశ్రయమూ డిసెంబరు 4న మూతపడింది. రైలు రాలేదని ఓడ ఆగదు. కాబట్టి కనీసం ఒక రోజు ముందే రేవు ఉన్న ఊరు చేరుకోవాలి. తిరుగు ప్రయాణానికి కూడా దిగిన రోజునే రైలో విమానమో పెట్టుకోకుండా ఒక రోజు వదలాలి. అమెరికాలోనూ ఇదే మాట.

నెల ఎంచుకోవడంలోనే సగం జాగ్రత్త ఉంది. ఆంధ్ర తీరానికి అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలు తుపాన్ల రోజులు. ఏప్రిల్, మే కూడా పూర్తిగా నమ్మదగినవి కావు. అట్లాంటిక్‌లో హరికేన్ల ఉద్ధృతి సెప్టెంబరు రెండో వారం చుట్టూ ఎక్కువ. ఆ నెలల్లో టికెట్లు చౌకగా దొరికేది అందుకే. చౌక అని వెళ్లినా తప్పులేదు, రేవు చూసినా చూడకపోయినా ఫర్వాలేదు అనుకోగలిగితే.

బీపీ, షుగరు మాత్రలు యాత్ర రోజులకు మాత్రమే లెక్కపెట్టి తీసుకెళ్లకూడదు. ఐదారు రోజులకు అదనంగా, అదీ చేతిసంచిలో ఉండాలి. ఓడలో డాక్టరు ఉంటాడు గానీ ఫీజు గట్టిగానే ఉంటుంది. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవాళ్లు ఓడ మధ్యలో, కింది అంతస్తులో గది అడగాలి. ఊపు అక్కడే తక్కువ. ఇంట్లోవాళ్లకు ఓడ పేరు, కంపెనీ ఫోను నంబరు రాసిచ్చి వెళ్లాలి. సముద్రం మధ్యలో సెల్‌ఫోను పలకకపోతే ఊళ్లో వాళ్లు టీవీలో తుపాను చూసి కంగారు పడతారు. కంపెనీ చెప్పే మాటతో పాటు వాతావరణ శాఖ బులెటిన్ కూడా రోజూ చూస్తూ ఉంటే, రేపు మైకులో ఏం చెబుతారో ముందే తెలిసిపోతుంది.

విత్తనం, ఎరువు, కూలీలు అన్నీ సిద్ధం చేసుకుని కూడా వాన పడితేనే గొర్రు కట్టే రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. అనుకున్న పని వేరు, అదను వేరు. డబ్బు కట్టిన ప్రయాణికుడికి రేవు రద్దయితే కోపం రావడం సహజం. బీమా గురించి, వాపసు గురించి అడగాలి కూడా. కెప్టెన్‌ను మాత్రం ఆ రేవుకు పోనిమ్మని ఒత్తిడి చేయకూడదు. 'ముందు తుపాను ఉంది, దారి మారుస్తున్నాం'... సర్ జాన్ లారెన్స్‌లో పూరీకి బయల్దేరిన యాత్రికులకు ఎవరూ చెప్పలేకపోయిన మాట అది.